ఎత్తకూడని రింగు

ఆయనను ఆఫీసులో అందరూ బాణాలాయన అనేవారు. అసలు పేరు గది తలుపు మీది పలకకు తప్ప ఎవరికీ అక్కరకొచ్చేది కాదు. పొద్దున్నే రావడం, తెల్లబోర్డు ముందు నిలబడడం, గళ్ళు గీసి గడికీ గడికీ మధ్య బాణాలు వేయడం, అదీ ఆయన ఉద్యోగం. సర్కారు పనులను సెల్‌ఫోనులోకి ఎక్కించే శాఖ అది. మనిషి ఒక గడి, ఫోను ఒక గడి, టవరు ఒక గడి, సర్కారు ఒక పెద్ద గడి. ఏ బాణం ఎటు నుంచి ఎటు పోవాలో తేల్చడానికి ఒక్కోసారి నెలలు పట్టేది. గీతలు గీయడానికి ఇంత జుట్టు పీక్కోవాలా అని నవ్వేవాళ్ళు నవ్వేవారు. నవ్వనివ్వండి. ఆ బాణాల్లో ఒకటి దారి తప్పిందంటే ఎక్కడో ఒక ముసలి ప్రాణం ఎండలో పడిగాపులు కాయాలి. ఆ సంగతి ఆయనకు తెలిసినంతగా ఆ ఆఫీసులో ఇంకెవరికీ తెలియదు.

ఎందుకంటే ఆ ముసలి ప్రాణం ఆయన మేనత్త.

ఆవిడ వెనకటి రోజుల్లో టెలిఫోను ఎక్స్చేంజిలో పనిచేసింది. చెవులకు గొట్టం తగిలించుకుని, బోర్డు మీద ఒక కన్నంలోంచి తీగ పీకి ఇంకో కన్నంలో గుచ్చుతూ ఊరి మాటలన్నీ కలిపింది. తల్లి లేని మేనల్లుణ్ణి తెచ్చుకుని ఆ బోర్డు పక్కనే స్టూలు వేసి కూర్చోబెట్టి పెంచింది. వాడు పెద్దవాడై బాణాలు గీస్తున్నాడంటే అది ఆ తీగల చలవేనని ఆవిడ గట్టి నమ్మకం. ఇప్పుడు పింఛను మీద బతుకుతోంది, ఏటికి అవతలి ఒడ్డున, మేడ మీది చిన్న వాటాలో. పింఛను నిలవాలంటే ఏడాదికోసారి లాంచీ ఎక్కి ఇవతలికి రావాలి. కిటికీ ముందు వరుసలో నిలబడి, బతికే ఉన్నానని గుమాస్తాకు మొహం చూపించుకోవాలి. కిందటేడు ఆ వరుసలోనే కళ్ళు తిరిగి కూలబడింది. గుమాస్తా కిటికీలోంచి మెడ సాచి, "అమ్మా, మీరు మీరేనా?" అని అడిగాడట.

"నేను కాకపోతే ఈ మోకాళ్ళు ఇంకెవరు మోస్తారు నాయనా?" అందట ఆవిడ.

విన్నవాళ్ళందరూ నవ్వుకున్నారు. బాణాలాయనకు మాత్రం నవ్వు రాలేదు. ఆ వేళప్పుడు ఆవిడ పక్కన తను లేడు. రెండు వీధుల అవతల చల్లటి గదిలో బాణాలు గీసుకుంటున్నాడు. మర్నాడే బోర్డు తుడిచేసి కొత్త గళ్ళు మొదలుపెట్టాడు. ముసలివాళ్ళు సర్కారు గుమ్మం తొక్కనక్కర్లేదు, సర్కారే వాళ్ళను పలకరించాలి. ఆ పథకానికి 'ఉన్నాను' అని పేరు పెట్టాడు.

పథకం వినడానికి ముచ్చటగా ఉండేది. వారం రోజుల పాటు మధ్యాహ్నం పూట సర్కారు నంబరు నుంచి ముసలివాళ్ళ ఫోనుకు ఒక కాల్ వెళుతుంది. ఎత్తితే ఒక మెత్తటి గొంతు పలకరిస్తుంది. ఒకటి నొక్కితే చాలు, ఏడాదికి సరిపడా బతికి ఉన్నట్టే. ఆఫీసు గోడకు పెద్ద తెర, దాని మీద ఊరి పటం, ఒక్కో పింఛనుదారుకు ఒక్కో చుక్క. నొక్కినవాళ్ళ చుక్క పచ్చగా వెలుగుతుంది. వారమంతా పలకనివాళ్ళ చుక్క ఆరిపోతుంది. ఆరిన చుక్కలకు పింఛను ఆగిపోతుంది. చివరి బాణం అదే. అది గీసేటప్పుడు ఆయన చెయ్యి తటపటాయించలేదు. బతికున్న మనిషి మోగే ఫోను ఎత్తకుండా ఎందుకుంటాడు?

అదిగో, అక్కడే కాలు జారింది మహానుభావుడికి.

ఆ ఊళ్ళో ఫోను ఎత్తడం మర్యాద కాదు. మాట్లాడితే ఖర్చు, మోగించి పెట్టేస్తే ఖర్చు లేదు. అందుకని ఊరు ఊరంతా రింగులతోనే కాపరాలు చేసేది. ఒక రింగిచ్చి పెట్టేస్తే 'బాగున్నాను' అని. అందుకు తిరిగి ఒక రింగిస్తే 'మేమూ బాగున్నాం' అని. లాంచీ దిగినవాళ్ళు ఒక రింగిస్తే ఇంట్లో వాళ్ళు నిశ్చింతగా అన్నం గిన్నె మీద మూత పెట్టేవారు. ఎవరైనా పొరపాటున ఎత్తారా, అవతలివాళ్ళ సొమ్ము తగలేసిన పాపం చుట్టుకునేది. ఇక ఎంతకీ ఆగకుండా మోగే ఫోను ఉందే, అది చెడ్డ కబురు. దాన్ని ఎత్తే ముందు ఆడవాళ్ళు గోడ పట్టుకుని నిలబడేవారు.

బాణాలాయన ఇల్లు మాత్రం దీన్నుంచి తప్పించుకుంటుందా? వీధి దీపాలు వెలిగే వేళకు ఆయన ఫోను రోజూ ఒక్కసారి మోగి ఆగిపోయేది. వంటింట్లోంచి భార్య తల కూడా ఎత్తకుండా, "మీ మేనత్తగారు క్షేమం" అనేది. ఆయన తిరిగి ఒక రింగిచ్చి ఫోను గూట్లో పెట్టేవాడు. అంతటితో ఆ పూటకు ప్రేమాభిమానాలు పూర్తి. ఇలా ఏళ్ళు గడిచాయి. ఏరు దాటి వెళ్ళడం మానేసి కూడా చాన్నాళ్ళయింది. రింగు వస్తోంది కదా, ఇంకేం కావాలి?

ఇన్నేళ్ళు ఆ రింగుల మధ్యే బతుకుతూ, గోడ మీది తెరకూ గూట్లో మోగే ఫోనుకూ ఏదో చుట్టరికం ఉంటుందని ఆయనకు తోచలేదు. ఒకటి టెక్నాలజీ, ఇంకొకటి అత్త. రెండింటినీ ఒక బోర్డు మీద గీయాలని ఎవరికి మాత్రం తోస్తుంది?

ప్రోగ్రాం రాసింది ఆ గదిలోనే ఎదురు బల్ల దగ్గర కూర్చునే నిట్టూర్పులావిడ. ఏం చెప్పాలన్నా ముందొక నిట్టూర్పు విడిచి గానీ నోరు విప్పదు కనుక ఆ పేరు. లైన్లు తక్కువ, ముసలివాళ్ళు ఎక్కువ, అందుకని కాల్ కాసేపే మోగి ఆగిపోయేలా రాశానని ఆవిడ ముందే చెప్పింది. ఇంకో మాట కూడా అడిగింది.

"ఎవరైనా మన నంబరుకు తిరిగి ఫోన్ చేస్తే ఏం చేద్దామండీ?"

"ఎందుకు చేస్తారు? చేస్తే ఎత్తొద్దు. చెత్త కింద ఊడ్చేయండి" అన్నాడు బాణాలాయన.

ఆవిడ నిట్టూర్చి అలాగే రాసింది. అలా వచ్చిన కాల్ తెర మీద తెల్లగా ఒక్కసారి మిణుకుమని, చూసేలోపే చెరిగిపోయేది.

మొదటి పరీక్షకు అవతలి ఒడ్డును ఎంచుకున్నారు. అక్కడ సిగ్నలు తక్కువ, అక్కడ నిలిస్తే ఎక్కడైనా నిలుస్తుందని బాణాలాయనే పట్టుబట్టాడు. అత్త చుక్క ఆ పటంలోనే ఉంది. ఏటి గట్టు మలుపు తిరిగే చోట, మూడు వీధులు కలిసే మూల. ఆ విషయం ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ చుక్క పచ్చబడినప్పుడు తనలో తను నవ్వుకోవాలని మాత్రం అనుకున్నాడు.

ఆ మధ్యాహ్నం కిటికీ తెరలు దించేశారు. గది అంతా ఏటి నీళ్ళ లోపల ఉన్నట్టు నీలంగా అయింది. డైరెక్టరు గారు కుర్చీ తెప్పించుకుని తెర ముందు కూర్చున్నారు. కాల్స్ వెళ్ళడం మొదలైంది. ఒక చుక్క పచ్చబడింది. కాసేపటికి ఇంకొకటి. ఆ తర్వాత ఎంతసేపు చూసినా మిగతావి ఉలకలేదు, పలకలేదు. వాటి మీద తెల్లటి మిణుకులు మాత్రం ఎడతెగకుండా పుట్టి మాయమవుతున్నాయి. పటం మీద సన్నటి తుంపర పడుతున్నట్టుంది. అది చూస్తుంటే బాణాలాయనకు ఎందుకో నిద్రలాంటిది ముంచుకొచ్చింది. చిన్నప్పుడు ఎక్స్చేంజిలో అత్త పక్కన స్టూలు మీద కూర్చుంటే సరిగ్గా ఇలాగే కునుకు పట్టేది.

"ఆ తెల్లగా మెరిసేదేమిటి?" అన్నారు డైరెక్టరు గారు.

నిట్టూర్పులావిడ నిట్టూర్చింది. "చెత్తండీ. దానంతట అదే పోతుంది."

"అయితే ఇంతమంది పోయారంటారా? ఇన్నాళ్ళూ మనం పింఛను పంపిస్తున్నది ఎవరికయ్యా?"

బాణాలాయన ఏటి మలుపు దగ్గరి చుక్కను చూశాడు. అదీ వెలగలేదు. నిద్రపోతోందేమో, రేపు ఎత్తుతుందిలే అనుకున్నాడు. ఆ సాయంత్రం మామూలుగానే రింగొచ్చింది. మేనత్తగారు క్షేమం అంది భార్య. మర్నాడూ చుక్క వెలగలేదు, రింగు మాత్రం మానలేదు. పోనీ ఆవిడకు చెబుదామా అంటే, ఫోను ఎత్తించి చెప్పాలి. ఎత్తిస్తే హడలి చస్తుంది. పోనీ ఏరు దాటి వెళ్ళి చెబుదామా అంటే, సొంత అత్తకు చాటుగా పాఠం చెప్పి వచ్చాక అది పరీక్ష ఎలా అవుతుంది? ఇలా నీతి ఒకపక్కా బద్ధకం ఒకపక్కా లాగుతుంటే వారమంతా గడిచిపోయింది.

ఆ వారం ఆయనకు కల్లోనూ చుక్కలే. బస్సులో కునుకు తీస్తే అత్త ఎక్స్చేంజి బోర్డు ముందు కూర్చుని కనిపించేది. తీగలు ఒక్కొక్కటే పీకి గుచ్చుతోంది. ఆ తీగల రెండో కొసలన్నీ ఏట్లోకి పోతున్నాయి. నీళ్ళ అడుగున ఎవరెవరో గొంతులు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఏమంటున్నారని అడిగితే అత్త వేలు పెదవుల మీద పెట్టుకుంది. కండక్టరు తట్టి లేపేసరికి దిగాల్సిన చోటు దాటిపోయింది.

చివరి రోజు సాయంత్రానికి వెలిగినవి గుప్పెడు చుక్కలు. మిగతా ఒడ్డంతా చీకటి. డైరెక్టరు గారు కుర్చీ లోంచి లేస్తూ, "రేపు పొద్దున సంతకం పెట్టేస్తాను. ఆరినవి ఆరినట్టే కొట్టేయండి" అని వెళ్ళిపోయారు. ఆయన్ను అనడానికేముంది? బోర్డు మీద బాణం అలాగే ఉంది మరి. బాణాలాయన తెర ముందు నిలబడిపోయాడు. రేపటి నుంచి అత్త లెక్కలో ఉండదు. తన చేత్తో గీసిన గీతే ఆవిణ్ణి తీసుకుపోతోంది. ఎవరో గుమాస్తా అయితే కనీసం మీరు మీరేనా అని అడిగాడు. తను అది కూడా అడగలేదు.

బయట వీధి దీపాలు వెలిగాయి. జేబులో ఫోను ఒక్కసారి మోగి ఆగింది.

ఆయన ఏమీ ఆలోచించలేదు. కళ్ళు తెర మీదే ఉన్నాయి, చెయ్యి దాని మానాన అది జేబులోంచి ఫోను తీసి, తిరిగి ఒక రింగిచ్చి, మళ్ళీ జేబులో పెట్టేసింది. ఏళ్ళ అలవాటు. పెట్టేశాక ఆ చెయ్యి వంక చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు.

"ఏమండీ, ఆ చెత్త ఉంది చూశారూ" అన్నాడు నిట్టూర్పులావిడతో. "ఈ వారం ఊడ్చిందంతా ఎక్కడైనా మిగిలుంటే ఒక్కసారి తెర మీద పెట్టగలరా?"

"చెత్తతో ఏం పనండీ ఇప్పుడు?"

"పెట్టండి, పుణ్యముంటుంది."

ఆవిడ బల్ల మీదికి వంగి ఏవో మీటలు నొక్కింది. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత గట్టు మొదట్లో ఒక తెల్ల చుక్క వెలిగి, ఆరకుండా నిలిచిపోయింది. దాని పక్కన ఇంకొకటి. లాంచీ రేవు దగ్గర ఒక గుత్తి. అక్కణ్ణించి మెట్ల వీధి వెంట పైకి, మేడలకూ, దొడ్లకూ, చివరి బస్సు తిరిగే మలుపుకూ. అవతలి ఒడ్డు ఒడ్డంతా తెల్లగా వెలిగిపోయింది. మూడు వీధులు కలిసే మూల చుక్క మిగతావాటి కంటే కాస్త ఎక్కువ మెరుస్తోంది. రోజూ ఠంచనుగా రింగిచ్చింది అందరిలోకీ ఆవిడేనని నిట్టూర్పులావిడ చెప్పింది. ఈసారి నిట్టూర్చడం మరిచిపోయింది.

"నేను ఊడ్చమన్నది వీళ్ళనా" అన్నాడు బాణాలాయన, తనలో తనే.

ఫోను తీసి అత్తకు చేశాడు. మోగనిచ్చాడు. పెట్టేయకుండా మోగనిచ్చాడు. ఆవిడ గోడ పట్టుకుని నిలబడి ఉంటుందని తెలిసినా మోగనిచ్చాడు.

"ఎవరికేమైంది?" అంది అత్త. హలో కూడా అనలేదు.

"ఎవరికీ ఏమీ కాలేదత్తా. నేనే."

"నువ్వేనని తెలుసు. కోడలు బాగుందా? నీకేమైనా జ్వరమా?"

"అందరం బాగున్నాం."

"బాగుంటే ఎత్తించడమెందుకురా, నా గుండెలు జారిపోయాయి. ఇప్పుడే కదా రింగిచ్చాను."

"అత్తా, ఈ వారం మధ్యాహ్నం పూట నీకు సర్కారు నంబరు నుంచి ఫోను వస్తోందా?"

"రోజూ వస్తోంది, పాపం."

"మరి ఎత్తలేదేం?"

"ఎందుకెత్తుతాను, నాకు మర్యాద తెలీదా? కాసేపు మోగి పెట్టేస్తోంది. తను బాగానే ఉన్నానని చెబుతోంది కాబోలనుకుని నేనూ ఒక రింగిచ్చాను. మా వీధిలో అందరం ఇచ్చాం. ఇన్నేళ్ళు దాని కొలువు చేశాం కదరా. ఇన్నాళ్ళకైనా దానికి మేం గుర్తొచ్చామని సంతోషమేసింది. దానికి మాత్రం ఎవరున్నారు, ఎలా ఉన్నావని అడగడానికి?"

బాణాలాయన తెర మీది తెల్ల చుక్కలను చూస్తూ ఉండిపోయాడు.

"ఏరా, పలకవేం? సరేలే, పెట్టేయ్. డబ్బులు దండగ" అని ఆవిడే పెట్టేసింది.

మర్నాడు పొద్దున డైరెక్టరు గారు తెల్లగా వెలుగుతున్న తెరను ఎగాదిగా చూశారు. బాణాలాయనా నిట్టూర్పులావిడా చెప్పిందంతా విన్నారు. విని మొహం చిట్లించారు.

"బాగుందయ్యా. మరి ఆ రింగిచ్చింది ముసలావిడో, పక్కింటి వాళ్ళో నీకెలా తెలుసు?"

"ఒకటి నొక్కితే మాత్రం ఎవరు నొక్కారో తెలుస్తుందా అండీ?"

"సరే, అలాగే అనుకో. రింగివ్వని వాళ్ళ సంగతేమిటి? పోయినట్టేనా?"

బాణాలాయన బోర్డు దగ్గరికి వెళ్ళాడు. చివరి బాణాన్ని అరచేత్తో తుడిచేశాడు. సర్కారు గడి నుంచి మనిషి గడి దాకా ఒక కొత్త బాణం గీశాడు. అది ఫోను మీదుగా పోలేదు, టవరు మీదుగానూ పోలేదు. బోర్డు అడుగున నేల మీద నడిచి పోతున్నట్టు వంకరగా పోయింది.

"రింగు రాకపోతే పింఛను ఆపం. మనలో ఒకరం వెళ్ళి తలుపు తడతాం. వంతులు వేసుకుందాం. నేనూ వెళతాను, ఆవిడా వెళతారు, మీరూ వెళ్ళాలి."

"నేనా?" అన్నారు డైరెక్టరు గారు. ఇంకా ఏదో గట్టిగానే అనబోయారు. ఇంతలో బల్ల మీద ఉన్న ఆయన ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయింది. ముగ్గురూ దాని వంక చూశారు. ఆయన చెయ్యి తెలియకుండానే ఫోను మీదికి పోయి, తిరిగి ఒక రింగిచ్చింది.

"మా అక్కయ్య" అన్నారు ఆయన, కొంచెం సిగ్గుపడి. "పొద్దున లేచాక ఇస్తుంది." కాసేపు ఆ వంకర బాణాన్ని చూస్తూ కూర్చున్నారు. "రింగుకు ఖర్చు లేదు కదా. అలాంటప్పుడు ఏడాదికోసారి ఏం ఖర్మ, వారానికోసారి పలకరిద్దాం" అన్నారు.

అలా మొదలైంది. వారానికోసారి, వీధి దీపాలు వెలిగే వేళకు, సర్కారు నంబరు ఊరంతటికీ ఒక్కో రింగిచ్చేది. కాసేపు ఏమీ ఉండేది కాదు. ఆ తర్వాత ఎక్కడో ఒక కిటికీలో, ఒక దండెం పక్కన, ఒక మంచం కోడు మీద ఫోన్లు చేతుల్లోకి వచ్చేవి. గోడ మీద చుక్కలు ఒకటొకటిగా తెల్లబడేవి. బాణాలాయన ఆ పూట గదిలో లైటు వేయనిచ్చేవాడు కాదు. నిట్టూర్పులావిడ ఆయన పక్కనే కుర్చీ వేసుకునేది. ఆ కాసేపు అది ఆఫీసులా ఉండేది కాదు.

ప్రతి వారమూ ఎక్కడో ఒక చుక్క మిగిలిపోయేది. ఎప్పుడూ అవతలి ఒడ్డే, ఎప్పుడూ మెట్ల వీధి చుట్టుపక్కలే, ఎప్పుడూ ఒక్కటే. వంతు ప్రకారం ఒకరు మర్నాడు లాంచీ ఎక్కి వెళ్ళి చూసి వచ్చేవారు. ఫోను చార్జింగు అయిపోయిందట, నీళ్ళ బాల్చీలో పడిందట, ఎక్కడ పెట్టారో మరిచిపోయారట. మనిషి మాత్రం నిక్షేపంగా ఉండేవారు. వెళ్ళినవాళ్ళు మధ్యాహ్నానికి రావలసింది చీకటి పడేవేళకు వచ్చేవారు, కడుపు నిండా తిని, మొహాలు వెలిగిపోతూ. ఒకసారి డైరెక్టరు గారైతే చివరి లాంచీకి గానీ రాలేదు. ఏం చేశారండీ అంతసేపు అంటే, "తనిఖీ" అన్నారు.

ఒక వారం మిగిలిపోయిన చుక్క ఏటి మలుపు దగ్గర, మూడు వీధులు కలిసే మూల.

బాణాలాయన తెర ముందు కూర్చునే ఉన్నాడు. తన జేబులోని ఫోనూ మోగలేదు. ఇంటికి వెళ్ళాక భార్య వంటింట్లోంచి ఏమీ అనలేదు. అన్నం దగ్గర ఇద్దరూ గూట్లో ఫోను వంకే చూశారు. తనే చేశాడు, ఎంతసేపు మోగినా ఎత్తలేదు. చివరి లాంచీ అప్పటికే వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఆయనకు కంటి మీద కునుకు లేదు.

పొద్దున్నే రేవులో ఉన్నాడు. ఆ వారం వంతు ఆయనది కాదు, ఎవరినీ అడగనూ లేదు. ఏటి మీద పొగమంచు దట్టంగా ఉంది. లాంచీ కదిలాక ఇవతలి ఒడ్డు పోయింది, అవతలి ఒడ్డు ఇంకా రాలేదు. ఆ తెలుపులో ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇన్నాళ్ళూ ఈ ఏరు దాటకపోవడానికి ఏం అడ్డొచ్చిందని తనను తనే ప్రశ్నించుకున్నాడు. ఏమీ అడ్డు రాలేదు. ఒక రింగు వస్తోందని నిశ్చింతగా ఉన్నాడు, అంతే. కళ్ళు చెమ్మగిల్లాయి. ఎవరైనా చూసినా మంచు వల్లే అనుకునేవారు.

మెట్ల వీధి ఎక్కేసరికి ఊపిరి అందలేదు. మేడ మీది తలుపు ఓరగా తెరిచి ఉంది.

అత్త కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. తల దువ్వుకుంది, మంచి చీర కట్టుకుంది. ముందు చిన్న బల్ల, దాని మీద రెండు కప్పులు బోర్లించి ఉన్నాయి. ఫోను కిటికీ గూట్లో శుభ్రంగా ఉంది. ఎదురింటి ముసలాయన, ఒకప్పుడు లాంచీ నడిపినవాడు, గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. బాణాలాయనను చూడగానే లేచాడు.

"వచ్చారమ్మా మీవాళ్ళు. నేను వస్తాను" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"నువ్వొచ్చావేంరా?" అంది అత్త. "ఎవరో ఆఫీసరు వస్తాడని నేను మంచిది కట్టుకుంటే."

బాణాలాయన గుమ్మంలోనే నిలబడి తలుపు పట్టుకున్నాడు. "రింగెందుకివ్వలేదు? ఫోను పాడైందా?"

"దానికేం, దివ్యంగా ఉంది. ఈ వారం నా వంతు."

"వంతేమిటి?"

"మా వీధిలో వంతులేసుకున్నాం. వారానికి ఒకళ్ళం రింగివ్వం. రింగిస్తే ఎవరూ రారు. ఇవ్వకపోతే ఎవరో ఒకళ్ళు వచ్చి తలుపు తట్టి, ఎలా ఉన్నారని అడుగుతారు. ఎవరు పెట్టారో గానీ మంచి పద్ధతిరా. అందరం ఒకేసారి మానేస్తే మీకు ఇబ్బందని వంతులు పెట్టుకున్నాం. వచ్చేవారం లాంచీ ఆయనది. ఆయనకు వెనకా ముందూ ఎవరూ లేరు. కాస్త కబుర్లు చెప్పేవాళ్ళను చూసి పంపించు. కిందటిసారి మీ పెద్దాఫీసరు వచ్చాడు, ఎంత మంచివాడో."

"నాక్కూడా ఇవ్వలేదేం?"

అత్త కప్పులు వెల్లకిలా తిప్పింది. వాటి వంకే చూస్తూ అంది, "ఏమో. చూద్దామని. నువ్వొస్తావని మాత్రం అనుకోలేదు."

ఆయన లోపలికి వచ్చి ఆవిడ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. చిన్నప్పుడు కూర్చున్నంత దగ్గరగానే కూర్చున్నాడు. క్షమించమని అడగాలనిపించింది, ఆ మాట ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియలేదు. ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్ళి పాలు పెట్టింది. బయట మంచు విడిపోతోంది, ఏరు ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది. అవతల ఆఫీసులో నిట్టూర్పులావిడ తెర ముందు కూర్చుని ఉంటుందని గుర్తొచ్చి, ఆవిడకు ఒక రింగిచ్చి పెట్టేశాడు. వెంటనే తిరిగి ఒక రింగొచ్చింది.

అత్త టీ పోసి కప్పు చేతికిచ్చింది. కిటికీ గూట్లోంచి తన ఫోను తీసుకుంది.

"వచ్చి చూశావు కదా, ఇక మీ సర్కారుకు రింగిచ్చేయనా? పాపం, కంగారు పడుతూ ఉంటుంది."

"ఆగత్తా" అన్నాడు బాణాలాయన. "సాయంత్రం ఇద్దువుగాని."